జీతములో కోసిన పిదప మరల మిత్తి ఎందుకు?

(దంతాలపల్లి మండలమునందలి గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఆదాయపు పన్ను అనగానే అది పట్టణవాసుల గొడవ యని మన పల్లెలలో ఒక తలంపు కలదు. సేద్యముపై వచ్చు ఆదాయమునకు ఆ పన్ను లేదు గనుక ఆ తలంపు వింత కాదు. కాని ప్రొద్దున వరంగల్లు–ఖమ్మము బాటపై ఈ దంతాలపల్లిలో బస్సు దిగువారిని ఒకమారు పరికింపుడు. ఉపాధ్యాయులు, నర్సులు, విద్యుత్తు శాఖవారు, బ్యాంకి ఉద్యోగులు, పంచాయతీ కార్యదర్శులు. 2016 అక్టోబరులో ఈ ఊరు మండల కేంద్రమైనది మొదలు కచేరీలు పెరిగినవి, వానితో నెలజీతము తీసికొనువారును పెరిగినారు. సైన్యములోను, సింగరేణిలోను, హైదరాబాదు కంపెనీలలోను, సముద్రముల ఆవలను కొలువు చేయు బిడ్డలు గల ఇండ్లు ఏ గ్రామమున లేవు? అట్టి ఇంటికి పన్ను శాఖనుండి ఒక కాగితము వచ్చినచో దానిని పట్టుకొని మొదట వార్డు సభ్యుని గడపకే వత్తురు. వచ్చి అడుగు మాట యొక్కటే: "జీతంలనే కోసిండ్రు గద, మళ్ల మిత్తి ఏంది సారూ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకే మేము నేడు మీ ముందు నిలిచితిమి.

చెరువు తూము విప్పు నీరడి యున్నాడు. ఏ మడికి ఎంత నీరు పారినదో అతనికి కరతలామలకము. కాని మీ సొంత బావిలో ఎంత ఊరినదో అతడెట్లు ఎరుగును? జీతపు బిల్లు చేయు అధికారి ఆ నీరడి వంటివాడు. తన చేతిమీదుగా పోవు జీతము ఎంతయో లెక్కగట్టి, దానిపై సంవత్సరమునకు పడు పన్నును నెలనెలకు పంచి కోయును. చట్టము అతనిని కోరినది అంతియే. ఉద్యోగికి బ్యాంకిలో డిపాజిట్టు ఉన్నదా, తొర్రూరులో ఇల్లు అద్దెకిచ్చినాడా, మరిపెడలో ప్లాటు అమ్మినాడా అను సంగతులు ఎవరైన చెప్పిననేగాని అతనికి తెలియవు. ప్రభుత్వము మాత్రము సంవత్సరాంతమున జీతమును, బావినీటిని కలిపి ఒక్క రాశిగా కొలుచును. కోసిన పన్ను ఆ రాశికి చాలనిచో కొరత తేలును. ఆ కొరతమీదనే మిత్తి.

మాటలకంటె లెక్క మేలు. 2025-26 ఆర్థిక సంవత్సరమున నెలకు 1,05,000 రూపాయల జీతము గల ఒక సీనియరు ఉపాధ్యాయుని ఊహింపుడు. సంవత్సరమునకు 12,60,000. క్రొత్త పన్ను పద్ధతిలో ఉద్యోగులకు సామాన్యముగా తగ్గించు 75,000 పోగా 11,85,000 మిగులును. ఆ పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయమున్నవారికి రాయితీ ఇచ్చి పన్నును పూర్తిగా మాపు చేసినారు. కావున బిల్లు చేయు అధికారి ఒక్క రూపాయి కోయలేదు. అతని తప్పు లేదు. ఉపాధ్యాయుడును ఈ ఏడు మనకు పన్ను లేదని హాయిగా ఉన్నాడు.

అయితే ఆయనకు బ్యాంకిలో డిపాజిట్లపై 80,000 రూపాయల వడ్డీ వచ్చినది. ఇప్పుడు మొత్తము ఆదాయము 12,65,000. పన్నెండు లక్షల గట్టు దాటినది గనుక రాయితీ తొలగినది. స్లాబుల ప్రకారము పన్ను 69,750. గట్టు దాటినవారికి చట్టము ఒక చిన్న ఊరట చూపినది: పన్నెండు లక్షలకు పైబడిన మొత్తమునకంటె పన్ను మించరాదు. పైబడినది 65,000 గనుక పన్ను 65,000. దానిపై నూటికి నాలుగు చొప్పున సెస్సు 2,600. వెరసి 67,600. బ్యాంకివారు నూటికి పది చొప్పున ముందే కోసిన 8,000 తీసివేయగా 59,600 రూపాయల కొరత నిలిచినది. ఎనుబదివేల వడ్డీపై అరువదియేడువేల పైచిలుకు పన్నా యని మీరు నోరు తెరచుట మాకు కనబడుచున్నది. మేమును మొదట లెక్క తప్పినదేమో యని రెండుమారులు కూడి చూచితిమి. లెక్క సరిగనే యున్నది. పన్నెండు లక్షల గట్టుకు అతి సమీపమున నున్నవారికే ఈ దెబ్బ తగులును.

ఇంతవరకు చెప్పినది పన్ను. మిత్తి ఇంక రావలసి యున్నది.

కోతలన్నియు పోగా ఇంకను 10,000 రూపాయలు గాని, అంతకు మించి గాని పన్ను కట్టవలసి యున్న ప్రతి వ్యక్తియు దానిని ఏడాది పొడుగున ముందస్తుగా కట్టవలెనని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము విధించినది. వెనుకటి భూమిశిస్తు కిస్తుల వలెనే దీనికిని కిస్తులున్నవి. జూన్ 15 నాటికి నూటికి 15 పాళ్లు, సెప్టెంబరు 15 నాటికి మొత్తము మీద 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి నూరు. మొదటి రెండు కిస్తులలో 12, 36 పాళ్లు కట్టినవారిని తప్పు పట్టరు. కిస్తు తప్పినచో నూటికి నెలకు రూపాయి చొప్పున మిత్తి: మొదటి మూడు కిస్తులకు మూడేసి నెలలు, చివరిదానికి ఒక నెల. ఇది చట్టములో 234సి. మార్చి 31 నాటికి నూటికి 90 పాళ్లైనను చేరనిచో ఏప్రిలు 1 నుండి కట్టిన నెల వరకు మరల నూటికి నెలకు రూపాయి. ఇది 234బి. నెలలో ఒక్క దినము గడచినను నిండు నెలగా కట్టుదురు. ఊరిలో నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి అలవాటుపడినవారికి ఈ రూపాయి మిత్తి తేలికగా తోచవచ్చును. కాని ఊరి అప్పు మనము తెలిసి చేసినది, ఇది తెలియక చేసినది.

మన ఉపాధ్యాయుడు జూలైలో రిటర్ను వేయునప్పుడు కొరతను గుర్తించినాడనుకొందము. నాలుగు కిస్తులు తప్పినందుకు వరుసగా 267, 804, 1,341, 596 రూపాయలు, వెరసి 3,008. ఏప్రిలు మొదలు జూలై వరకు నాలుగు నెలలకు 2,384. మొత్తము మిత్తి 5,392. పన్నుతో కలిపి 64,992 రూపాయలు ఒక్కమారుగా కట్టవలెను. పిల్లల చదువు రుసుములును, నాట్ల ఖర్చులును అదే నెలలో మీదపడునని మీకు మేము చెప్ప పనిలేదు.

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ముఖ్యమైన సంగతి. ఉద్యోగస్థునికి ఈ మిత్తి తప్పించుకొను మార్గము చట్టములోనే కలదు, దానిని వినియోగించుకొనువారు మాత్రము తక్కువ. జీతములో కోసిన పన్నుకు తేదీ పట్టింపు లేదు. ముందస్తు పన్ను లెక్క కట్టునప్పుడు మొదట సంవత్సరమంతటి కోతను తీసివేసి, మిగిలినదానికే కిస్తులు చూతురు. ఆ కోత ఏప్రిలులో జరిగినదా, మార్చిలో జరిగినదా అని అడుగరు. ఉద్యోగి తనకు గల ఇతర ఆదాయమును బిల్లు చేయు అధికారికి వ్రాతమూలముగా తెలుపవచ్చును. తెలిపినచో అధికారి దానిని కలిపి పన్ను కోయవలెను. బ్యాంకివారు కోసినదానిని కూడ చూపి తగ్గింపుమని కోరు సౌకర్యము 2024 అక్టోబరు నుండి కలిగినది.

మన ఉపాధ్యాయుడు డిసెంబరు మొదటి వారములో తన వడ్డీ లెక్కను అధికారికి ఇచ్చినాడనుకొందము. 59,600 రూపాయలను డిసెంబరు మొదలు మార్చి వరకు నాలుగు జీతములలో నెలకు 14,900 చొప్పున కోయుదురు. అప్పటికి జూన్, సెప్టెంబరు కిస్తుల తేదీలు దాటిపోయినవి గదా? ఐనను మిత్తి ఒక్క రూపాయియు లేదు. అదే ఉపాధ్యాయుడు అదే 59,600ను డిసెంబరులో తానే చలానాపై కట్టినచో మొదటి రెండు కిస్తులు తప్పినందుకు మిత్తి తప్పదు. ఒకే సొమ్ము, ఒకే నెల. వెళ్లిన త్రోవ మారుటచే ఫలితము మారినది. ఈ తేడా పెక్కుమంది అధికారులకే తెలియకపోవుట మేము చూచితిమి.

ఇతరులకు నీతులు చెప్పుటకు ముందు మా సంగతియు చెప్పుకొనవలెను. మా తండ్రిగారు గతించిన పిదప వారి డిపాజిట్లు మా పేరికి మారినవి. బ్యాంకివారు నూటికి పది కోసిరి. పన్ను తీరినదని మేము నిశ్చింతగా ఉంటిమి. మా ఆదాయము నూటికి ఇరువది పడు స్లాబులో ఉన్నదనియు, బ్యాంకి కోసినది అందులో సగమేననియు మరుసటి జూలైలోగాని తెలిసిరాలేదు. పన్నును, దానితో మిత్తిని కట్టుకొంటిమి. ప్రచార శాఖలో ఉండి పదిమందికి చెప్పువారమే అయ్యును, మా ఇంటి కాగితము మేము చదువుకొనలేదు.

అమెరికాలో ఉద్యోగము చేయు మన బిడ్డల సంగతి ఇక్కడనే ఒక మాట. అచ్చటి చట్టము ఈ విషయమున మన చట్టమునకు దగ్గరి చుట్టమే. కొరత వేయి డాలర్లకు లోపల ఉన్నను, ఆ ఏటి పన్నులో నూటికి 90 పాళ్లు గాని, కిందటి ఏటి పన్నుకు సమానముగా గాని సకాలమున చేరినను జరిమానా లేదు. పెద్ద ఆదాయము గలవారు, అనగా కిందటి ఏడు లక్షన్నర డాలర్లకు మించినవారు, కిందటి ఏటి పన్నుకు నూటికి 110 పాళ్లు చేర్చవలెను. జీతములో కోసిన పన్నును ఏడాది పొడుగున సమానముగా కట్టినట్లే భావింతురు; కావున చివరి నెలలలో కోత పెంపించుకొని కొరత పూడ్చుకొనుట అచ్చటను చెల్లును. కంపెనీ వాటాలు జీతములో భాగముగా వచ్చువారికి సామాన్యముగా నూటికి 22 మాత్రమే కోయుదురు. వారి స్లాబు అంతకు ఎక్కువైనచో కొరత పడును. అచ్చట పన్ను విషయమున నివాసులైనవారు ఇచ్చటి డిపాజిట్టు వడ్డీని సైతము అచ్చటి రిటర్నులో చూపవలెను. కొడుకు పేర డిపాజిట్టు వేసిన తలిదండ్రులు ఆ సంగతి వానికి తెలుపుట మంచిది.

జీతములో పన్నును మూలముననే పట్టు పద్ధతికి నేటి రూపము రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో 1943లోను, బ్రిటనులో 1944లోను వచ్చినది. మన దేశమున ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సను ప్రవేశపెట్టినాడు. ముందస్తు చెల్లింపు 1944లో వచ్చినది. మన హైదరాబాదు రాజ్యమునకు భారత ఆదాయపు పన్ను చట్టము వర్తించినది 1950 ఏప్రిలు 1 నుండి. ఇప్పుడు 1961 నాటి చట్టము స్థానమున 2025 నాటి క్రొత్త చట్టము వచ్చినది. దాని అమలు తేదీ 2026 ఏప్రిలు 1. అందులో సెక్షన్ల సంఖ్యలు మారినవి. 2026 మార్చి వరకు గల ఆదాయమునకు పాత చట్టమే వర్తించును గనుక మేము పాత సంఖ్యలే చెప్పితిమి.

మిత్తి వేరు, జరిమానా వేరు. ఈ రెండింటిని కలిపి భయపడువారు మన పల్లెలలో ఎక్కువ. ఇంతవరకు చెప్పినది మిత్తి. మరపునకు, ఆలస్యమునకు అది ధర. ఆదాయమును తక్కువ చూపినట్లు శాఖ తేల్చినచో ఆ మేరకు పడు పన్నులో నూటికి 50 జరిమానా. తెలిసి తప్పుడు లెక్క చూపినచో నూటికి 200. ఇది కేవలము కాగితముపై నున్న బెదరింపు కాదు. లేని ఇంటి అద్దెలు, ఈయని చందాలు చూపి ఉద్యోగులకు వాపసులు ఇప్పింతుమని కమీషను తీసికొను దళారులు దేశమున పెక్కుచోట్ల బయలుదేరగా, 2025 జూలై 14న పన్ను శాఖవారు 150 చోట్ల తనిఖీలు చేసిరి. అప్పటికి గడచిన నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ తప్పుడు కోరికలను తామే ఉపసంహరించుకొన్నట్లు ప్రభుత్వము ప్రకటించినది. నూటికి పది ఇచ్చినచో కోసిన పన్నంతయు తిరిగి ఇప్పింతునని ఎవడైన మీ ఊరి ఉద్యోగుల చుట్టు తిరుగుచున్నచో వానిని ఊరి పొలిమేర దాటించుట పంచాయతీకి గౌరవము.

మరికొన్ని సందర్భములను త్వరగా చెప్పెదము. ఆ సంవత్సరములో 60 ఏండ్లు నిండిన పెద్దలకు, వ్యాపారము గాని వృత్తి గాని లేనిచో, ముందస్తు పన్ను బాధ్యత లేదు. పింఛనుదారులలో పెక్కుమంది ఈ కోవలోనివారే. వారు రిటర్ను గడువునాటికి పన్ను కట్టిన చాలును. ప్లాటు అమ్మినవారికి లాభము వచ్చిన తరువాతి కిస్తునుండియే లెక్క. జనవరిలో అమ్మినవారు మార్చి 15 నాటికి కట్టినచో వెనుకటి కిస్తులకు మిత్తి అడుగరు. అయితే ఇందాక చెప్పిన పన్నెండు లక్షల రాయితీ ప్లాటుపై వచ్చు దీర్ఘకాలిక లాభముపై పడు పన్నుకు వర్తింపదు. పాత బకాయిలు ఒక్కమారుగా అందినవారికి వేరొక ఊరట కలదు. అందుకు నిర్ణీత ఫారమును రిటర్నుకు ముందే దాఖలు చేయవలెను. ఏడాది నడుమ కంపెనీ మారిన యువకులు పాత జీతపు వివరము క్రొత్త యజమానికి ఈయవలెను. లేనిచో ఇద్దరు యజమానులును 75,000 తగ్గింపును, మొదటి నాలుగు లక్షల మినహాయింపును వేరువేరుగా ఇత్తురు, కొరత తప్పదు. భూమి గల ఉద్యోగి సేద్యపు ఆదాయమునకు పన్ను కట్టనక్కర లేకున్నను, 5,000 రూపాయలు మించినచో దానిని జీతముపై రేటు నిర్ణయించు లెక్కలో కలుపుదురు.

కోత జరిగియు జమ కనబడని బాధ మరియొకటి. చిన్న చిన్న సంస్థలలో జీతమునుండి పన్ను కోసి సర్కారుకు కట్టనివారు ఉన్నారు. కోసినట్లు రుజువున్నచో ఆ పన్నును ఉద్యోగినుండి మరల వసూలు చేయరాదని చట్టము స్పష్టముగా చెప్పినది, కట్టవలసినవాడు యజమానియే. కావున జీతపు చీటీలను పారవేయక దాచుకొనవలెను. ప్రభుత్వ కచేరీలలో సొమ్ము చేరియు పాన్ సంఖ్యలో ఒక అక్షరము తప్పుపడుటచే ఇంకొకరి ఖాతాలో పడుట కలదు. ఏడాదికి రెండుమారులైనను 26ఏఎస్ అను పన్ను పట్టికను, 2021 నవంబరు నుండి లభించు వార్షిక సమాచార పట్టికను తెరచి చూచుకొన్నచో ఇట్టివి బయటపడును. బ్యాంకి వడ్డీలు సైతము ఆ పట్టికలోనే కనబడును గనుక శాఖకు తెలియదనుకొనుట వట్టి భ్రమ.

ఈ విషయమున మీ పంచాయతీయు నీరడియే. మీరు కాంట్రాక్టరుకు ఒక్క బిల్లుగా 30,000 గాని, ఏడాదికి లక్ష గాని మించి చెల్లించునప్పుడు వ్యక్తి యైనచో నూటికి ఒకటి, కంపెనీ వంటిదైనచో రెండు కోసి కట్టవలెను. మూడు నెలలకొక పట్టిక దాఖలు చేయవలెను. పట్టిక ఆలస్యమైనచో దినమునకు 200 రూపాయల రుసుము పంచాయతీపై పడును. దీపములకు, మురుగు కాలువలకు పోవలసిన సొమ్ము అది. 2025 డిసెంబరు ఎన్నికలలో క్రొత్తగా వచ్చిన సభ్యులు, అంతకుముందు ప్రత్యేకాధికారుల కాలపు పట్టికలు ఏవైన నిలిచియున్నవా యని కార్యదర్శిని అడిగి తెలిసికొనుట మేలు.

చివరగా, నోటీసుల పేర మోసము చేయువారున్నారు. 2019 అక్టోబరు 1 నుండి పన్ను శాఖ పంపు ప్రతి కాగితముపై ఒక గుర్తింపు సంఖ్య ముద్రించుచున్నారు; దానిని డిన్ అందురు. శాఖవారి అంతర్జాల ద్వారములో ఆ సంఖ్యను వేసి కాగితము నిజమైనదో కాదో ఎవరైనను చూచుకొనవచ్చును. ఎవరైన కాగితముతో మీ గడపకు వచ్చినప్పుడు మిత్తి ఎంతయో చూచుటకు ముందు ఆ సంఖ్యను చూడుడు. పన్ను కట్టవలసినది శాఖ ద్వారములోని చలానా ద్వారా మాత్రమే. ఏ వ్యక్తి చేతికిని, ఏ వ్యక్తి ఫోను ఖాతాకును కాదు.